గ్యాస్ అనుకున్న కడుపునొప్పి: పేగు ధమనిలో ఇరుక్కున్న గడ్డను క్యాథెటర్‌తో లాగిన కేసు

పేషెంట్‌ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. ఊరు, వయసు, కుటుంబం గురించి ఉన్నవాటిలో కొన్ని మార్చాను. వైద్యం తీరు మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది. నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుని. పొట్ట కోయకుండా, రక్తనాళంలోకి సన్నటి గొట్టాలు పంపి లోపలి అడ్డంకులు తీయడం నా పని. ఈ కేసులో గడ్డ బయటికి రావడానికి పట్టిన సమయం తక్కువే. దానికి ముందు స్కాన్ గురించి, తరువాత పేగు గురించి తీసుకున్న నిర్ణయాల కోసమే ఇదంతా రాస్తున్నాను. ఎమర్జెన్సీలో పనిచేసే జూనియర్లకీ, పట్నాల్లో నర్సింగ్ హోములు నడిపే డాక్టర్లకీ పనికొస్తుందని నా ఆశ.

నేపథ్యం

డెల్టా పల్లెకు చెందిన ఆవిడ. అరవై దాటాయి. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) దెబ్బతింది. చాలా ఏళ్ల కిందట బెలూన్‌తో వాల్వు తెరిపించుకున్నారు. ఆ తరువాత వాల్వు మెల్లగా మళ్లీ బిగుసుకుంటూ వచ్చింది, గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ స్థిరపడిపోయింది. రోజూ వేసుకునే మాత్రలు మూడు: రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్, గుండె వేగం తగ్గడానికి డిజాక్సిన్, నీరు పట్టకుండా లాసిక్స్.

నెల రోజుల కిందట పన్ను పీకించుకున్నారు. దానికి ముందు ఎసిట్రోమ్ ఐదు రోజులు ఆపమన్నారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చీటీ మీద లేదు. పన్ను తీశాక రెండు రోజులు ఉమ్మిలో ఎర్రగా కనబడేసరికి ఇంట్లోవాళ్లు భయపడి, పూర్తిగా మానాక వేసుకుందాంలే అనుకున్నారు. ఆ మాత్ర అంటే ఆవిడకి ముందునుంచీ విసుగే. అది వేసుకున్నన్నాళ్లూ గోంగూర ముట్టుకోవద్దని ఎవరో చెప్పారట. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకి నెలనెలా బస్సెక్కి పట్నం రావాలి. మాత్ర మానేశాక కొన్నాళ్లు హాయిగానే గడిచింది, కాబట్టి తిరిగి మొదలుపెట్టాలన్న ఆలోచనే రాలేదు.

వచ్చిన సమస్య

రాత్రి 2 గంటలప్పుడు బొడ్డు చుట్టూ ఉన్నట్టుండి నొప్పి మొదలైంది. రెండు సార్లు వాంతి, ఒక విరేచనం అయ్యాయి. రాత్రి తిన్న కూర పడలేదనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కి ఒకటి, నొప్పికి ఒకటి ఇంజెక్షన్లు ఇచ్చాడు. తెల్లారాక దగ్గర్లోని పట్నంలో నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. అక్కడ పాంటోప్రజోల్, డైసైక్లోమిన్ ఎక్కించి, అల్ట్రాసౌండ్ తీశారు. పేగుల్లో గ్యాస్ ఎక్కువగా ఉంది, మిగతాదంతా నార్మల్ అని రిపోర్టు. నొప్పి అంగుళం కూడా తగ్గకపోవడంతో మా దగ్గరికి పంపారు. మా ఎమర్జెన్సీకి చేరేసరికి నొప్పి మొదలై పది గంటలు కావస్తోంది.

ఆ నర్సింగ్ హోమును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఈ జబ్బులో అల్ట్రాసౌండ్ చాలాసార్లు అలాగే వస్తుంది. ఉబ్బిన పేగులోని గాలే వెనకున్న ధమనిని కనబడనివ్వదు.

నన్ను పిలిచే ముందు డ్యూటీ సర్జరీ రెసిడెంట్ రాసిన నోట్స్‌లో ఒక వాక్యం ఉంది: 'పొట్ట మెత్తగా ఉంది, పేషెంట్ మాత్రం మెలికలు తిరిగిపోతోంది.' ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పరిశీలన అదేనని నా అభిప్రాయం. చేత్తో నొక్కితే పొట్ట ఎక్కడా బిగుసుకోవడం లేదు. ఎక్కడ నొప్పో చూపించమంటే ఆవిడ అరచేతిని పొట్ట మీద గుండ్రంగా తిప్పి, "ఇదంతా బాబూ, లోపలెక్కడో మెలిపెట్టేస్తోంది" అన్నారు. పక్కకి తిరిగినా, మోకాళ్లు ముడుచుకున్నా, లేచి కూర్చున్నా ఏ భంగిమలోనూ ఉపశమనం లేదు. నాడి గతి తప్పి నిమిషానికి 130 దాకా ఉంది. బీపీ 100/60.

బాధ అంత ఎక్కువ, పరీక్షలో దొరికేది ఇంత తక్కువ. దానికి తోడు వాంతి, విరేచనాలతో హఠాత్తుగా పేగు ఖాళీ అవడం, పైగా గడ్డ పుట్టడానికి గుండెలో సిద్ధంగా ఉన్న చోటు. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే పేగు ధమనిలో గడ్డ అడ్డుపడిందనే అనుకోవాలి, కాదని తేలేదాకా. ఎమర్జెన్సీ సర్జన్ల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఈఎస్ 2022లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతున్నాయి.

స్కాన్ చేయాలా, ఆగాలా

రక్తపరీక్షలు అంత సూటిగా రాలేదు. పాంక్రియాస్ తయారుచేసే ఎంజైమ్ అమైలేజ్ కొంచెం పెరిగింది. తెల్లకణాలు 17 వేలు. కణాలకి ఆక్సిజన్ అందనప్పుడు పెరిగే లాక్టేట్ 2.1, అంటే గట్టిగా ఎక్కువనడానికి లేదు. క్రియాటినిన్ 1.6. ఐఎన్ఆర్ 1.1, అంటే ఎసిట్రోమ్ ప్రభావం ఏమీ లేదు.

ఇక్కడ రెండు వాదనలు వచ్చాయి. ఒకటి: అమైలేజ్ పెరిగింది, వాంతులున్నాయి, ఇది పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) కావచ్చు, సెలైన్ ఎక్కిస్తూ చూద్దాం. రెండోది: క్రియాటినిన్ 1.6 ఉంటే కాంట్రాస్ట్ (స్కాన్‌లో రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించే మందు) ఇవ్వడం ప్రమాదం, నెఫ్రాలజీ ఒపీనియన్ తీసుకుని, కిడ్నీ కాస్త తేరుకున్నాక సీటీ చేద్దాం.

మొదటిదానికి జవాబు: పేగుకి రక్తం అందకపోయినా అమైలేజ్ కొంత పెరుగుతుంది. పాంక్రియాటైటిస్‌లో పొట్ట పైభాగాన్ని నొక్కితే సాధారణంగా నొప్పి ఉంటుంది, ఇక్కడ లేదు. లాక్టేట్ అంతగా పెరగలేదు కాబట్టి పేగు బాగానే ఉందనుకోవడం కూడా పొరపాటు. పేగులోంచి వచ్చే లాక్టేట్‌ని మొదట్లో లివర్ సర్దేస్తుంది. అది బాగా పెరిగేసరికి పేగు చాలావరకు చచ్చి ఉంటుంది. ఈ పరీక్ష పెరిగితే అనుమానాన్ని బలపరుస్తుంది, పెరగకపోతే దేన్నీ కొట్టిపారేయదు.

రెండోదానికి జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. కాంట్రాస్ట్ వల్ల కిడ్నీ దెబ్బతింటే చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, కొద్దిమందికి డయాలసిస్ అవసరం పడొచ్చు. పేగు పూర్తిగా పోతే మనిషే మిగలదు. అసలా క్రియాటినిన్ 1.6 కూడా వాంతులు, లాసిక్స్, పడిపోయిన బీపీ కలిసి తెచ్చినదే కావచ్చు. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు క్రియాటినిన్ రిపోర్టు కోసం ఆగకుండానే సీటీకి పంపడం మా పద్ధతి. ఆవిడనీ నెఫ్రాలజీ ఒపీనియన్ కోసం ఆగకుండా పంపాం.

సీటీ ఎలా తీయాలన్నది కూడా ముందే చెప్పాలి. 'సీటీ అబ్డామెన్' అని మాత్రమే రాస్తే టెక్నీషియన్ అలవాటు ప్రకారం నోటి ద్వారా కాంట్రాస్ట్ తాగించి, గంట ఆగి, ఒక్క వీనస్ ఫేజ్‌లో తీసేస్తాడు. తాగించిన కాంట్రాస్ట్ వల్ల సమయం పోతుంది, పేగు గోడ రంగు పట్టిందో లేదో తెలియదు. మాకు కావలసింది నోటి కాంట్రాస్ట్ లేకుండా ఆర్టీరియల్ (మందు ధమనుల్లో ఉన్నప్పుడు తీసేది), పోర్టల్ వీనస్ (సిరల్లోకి చేరాక తీసేది) ఫేజులు రెండూ. మొదటిది ధమని సంగతి చెబుతుంది, రెండోది పేగు సంగతి చెబుతుంది.

సీటీలో సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ, అంటే చిన్నపేగులో దాదాపు మొత్తానికీ పెద్దపేగులో దాదాపు సగానికీ రక్తం ఇచ్చే ఎస్‌ఎంఏ, మొదలు దగ్గర శుభ్రంగా ఉంది. సుమారు 5 సెంటీమీటర్లు కిందికి దిగాక, మిడిల్ కోలిక్ కొమ్మ దాటిన వెంటనే, నల్లటి గడ్డ అడ్డంగా కూర్చుని ఉంది. గుండె నుంచి వచ్చిన గడ్డలు సాధారణంగా చిక్కుకునే చోటు ఇదే. కొలెస్ట్రాల్ పేరుకుని మూసుకుపోయే రకమైతే ధమని మొదట్లోనే, సున్నం పట్టిన చోట మూసుకుంటుంది. ఈ తేడా తెలిస్తే చికిత్స దారి కూడా మారుతుంది: గడ్డ అయితే లాగేయొచ్చు, పేరుకుపోయినదైతే స్టెంట్ కావాలి.

పేగు సంగతికొస్తే, చిన్నపేగు పైభాగమైన జెజునమ్ బాగానే రంగు పట్టింది. కిందిభాగమైన ఇలియమ్ వలయాలు కొన్ని పల్చబడి, వెలవెలబోయి ఉన్నాయి. పేగు గోడలో గాలి లేదు, పోర్టల్ వీన్‌లో గాలి లేదు, పొట్టలో బయటికి చిమ్మిన గాలీ లేదు. కుడి కిడ్నీ కిందిభాగంలో ఒక చిన్న ముక్క రక్తం అందక నల్లగా కనబడింది. అంటే గుండె నుంచి ఒకటికన్నా ఎక్కువ గడ్డలు బయల్దేరాయన్నమాట. క్రియాటినిన్‌కి అదీ ఒక కారణమే.

కోయాలా, గొట్టం పంపాలా

పాఠ్యపుస్తకాల పాత జవాబు: వెంటనే పొట్ట తెరిచి, ధమనిని కోసి, ఫోగర్టీ బెలూన్‌తో గడ్డ లాగి, చచ్చిన పేగు తీసేయడం. 1963 నుంచీ ఉన్న ఆ బెలూన్ క్యాథెటర్ ఎంతోమందిని కాపాడింది. పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) లక్షణాలుంటే నేటికీ అదే సరైన దారి. పొట్ట చెక్కలా బిగుసుకున్న పేషెంట్‌ని క్యాథ్‌ల్యాబ్‌కి తీసుకెళ్లడం అంటే ఆలస్యం చేయడమే.

ఈవిడకి పెరిటోనైటిస్ లేదు. పైగా బిగుసుకున్న మైట్రల్ వాల్వు, 130 వేగంతో కొట్టుకుంటున్న గుండె. జనరల్ అనస్థీషియా ఇస్తే బీపీ ఇంకా పడిపోతుంది, పడిన బీపీ మిగిలిన పేగుని కూడా చంపుతుంది. సర్జన్, అనస్థటిస్టు, నేనూ నిలబడి మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం: ముందు గొట్టంతో ధమని తెరుద్దాం, ఆ లోపు ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంచుదాం, పొట్టలో ఏ మార్పొచ్చినా పని అక్కడే ఆపి సర్జన్‌కి అప్పగిద్దాం. నిజానికి కోత అవసరం పడొచ్చని బంధువులతో కూడా అప్పుడే చెప్పాం. "సూదితో అయిపోతుందన్నారు కదా, మళ్లీ ఆపరేషన్ ఏంటి?" అనే ప్రశ్న రాత్రి పదింటికి ఎదురయ్యే కన్నా మధ్యాహ్నమే మాట్లాడేసుకోవడం మంచిది.

క్యాథ్‌ల్యాబ్ తలుపు తెరిచేలోపు చేయాల్సినవి చేశాం. గడ్డ పెరగకుండా హెపారిన్ కిలోకి 80 యూనిట్ల చొప్పున ఒక్కసారిగా (బోలస్), ఆ తరువాత డ్రిప్. యాంటీబయాటిక్స్. కడుపు ఖాళీ చేయడానికి ముక్కులోంచి రైల్స్ ట్యూబ్. నొప్పికి ఫెంటనిల్. నొప్పి మందిస్తే లక్షణాలు దాగిపోతాయేమోనని ఇంకా కొందరు భయపడతారు. సీటీ చేతిలో ఉన్నాక ఆ భయానికి అర్థం లేదు.

సెలైన్ దగ్గరే అసలు టెన్షన్. రక్తం అందని పేగు ద్రవాలు అడుగుతుంది, బిగిసిన మైట్రల్ వాల్వు వద్దంటుంది. రెండు లీటర్లు ఒక్కసారి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. 250 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తూ, ప్రతిసారీ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి వింటూ, బీపీకి తక్కువ మోతాదులో నారడ్రినలిన్ మొదలుపెట్టాం. డిజాక్సిన్ ఆపేశాం, అది పేగు రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. వేగం తగ్గించడానికి అమియోడరోన్ వద్దనుకున్నాం. దానితో లయ ఉన్నట్టుండి మామూలైపోతే ఎడమ కర్ణికలో మిగిలిన గడ్డ మళ్లీ కదిలే ప్రమాదం ఉంది. బీపీ నిలబడ్డాక ఎస్మొలోల్ చాలా కొద్దిగా మొదలుపెట్టారు.

పని చేయని దారి

కుడి తొడ దగ్గర ఫిమోరల్ ధమనిలోంచి మొదలుపెట్టాం. అలవాటైన దారి, పెద్ద షీత్ (మిగతా గొట్టాలు పంపడానికి నాళంలో ఉంచే బయటి గొట్టం) పడుతుంది, చివర్లో నొక్కి ఆపడం సులువు. పక్కనుంచి తీసిన చిత్రంలో ధమని సీటీలో చూసినట్టే ఉంది: మొదలు తెరిచి ఉంది, గడ్డ దగ్గర టక్కున ఆగిపోయింది.

కోబ్రా క్యాథెటర్ కొన ధమని మొదట్లోకి దిగింది. టెరుమో వైరు గడ్డ దాటి ముందుకి వెళ్లింది. చిక్కంతా ఆ తరువాతే. ఎస్‌ఎంఏ బృహద్ధమని నుంచి ముందుకొచ్చి వెంటనే కిందికి వంగుతుంది. తొడ నుంచి వచ్చిన గొట్టం పైకెక్కి, అక్కడ హెయిర్‌పిన్ మలుపు తిరిగి కిందికి దిగాలి. సన్నటి వైరు తిరుగుతుంది, లావు గైడింగ్ క్యాథెటర్ తిరగదు. దాన్ని ముందుకి తోస్తే కొన లోపలికి పోకుండా, వైరు మొత్తం బృహద్ధమనిలోకి విల్లులా వంగి బయటికి జారిపోతోంది. గట్టి వైరు పెట్టి చూశాం, వేరే వంపు ఉన్న క్యాథెటర్‌తో చూశాం. వయసుతో ఆవిడ ఇలియాక్ ధమనులు కూడా బాగా మెలి తిరిగి ఉన్నాయి, చేత్తో ఇచ్చే తోపులో సగం అక్కడే పోతోంది.

ఇలాంటి చోట ఇంకొక్కసారి చూద్దాం అనే ఆశ పేగుకి ఖరీదైనది. అందుకే మొదలుపెట్టే ముందే నర్సుకి చెప్పి ఉంచాను: 20 నిమిషాల్లో షీత్ కుదురుకోకపోతే నాకు గుర్తు చేయండి, దారి మారుస్తాం. ఆమె గుర్తు చేసింది. మార్చాం.

పనిచేసిన దారి

ఎడమ చేతి మోచేయి పైనుండే బ్రేకియల్ ధమనిని ఎంచుకున్నాం. పైనుంచి వస్తే ఎస్‌ఎంఏ నేరుగా కిందికి దిగే దారి, మలుపు లేదు. కుడిచేయి అయితే మెదడుకి వెళ్లే ధమనుల ముందునుంచి పోవాలి. ఎడమచేయి నుంచైతే వాటిని చాలావరకు తప్పించుకోవచ్చు. మణికట్టు దగ్గరి రేడియల్ గురించి కూడా ఆలోచించాం, ఆవిడది సన్నగా ఉంది, 7 ఫ్రెంచ్ (గొట్టాల లావు కొలత) షీత్ పట్టేలా లేదు. బ్రేకియల్‌కి ఉన్న చిక్కు వేరు: హెపారిన్ మీద ఉన్న మనిషికి అక్కడ రక్తం చేరితే మీడియన్ నరం నొక్కుకుపోతుంది. అందుకే అల్ట్రాసౌండ్ కింద గుచ్చాం. ఐసీయూలో గంటగంటకీ బొటనవేలు, చూపుడువేలు కదులుతున్నాయో లేదో చూడమని ముందే రాసి పెట్టాం.

పైనుంచి 90 సెంటీమీటర్ల పొడవైన షీత్ ఎస్‌ఎంఏ లోపలికి సాఫీగా దిగి కూర్చుంది. తొడ దగ్గర అంత కష్టపడ్డ పని ఇక్కడ కొద్ది నిమిషాల్లో అయిపోయింది.

షీత్ లోపలి నుంచి 6 ఫ్రెంచ్ క్యాథెటర్‌ని గడ్డ ముఖం దాకా తీసుకెళ్లి, వెనక 50 మిల్లీలీటర్ల సిరంజి తగిలించి లాగాం. యంత్రంతో పీల్చే పరికరాలున్నాయి, బాగా పనిచేస్తాయి కూడా, కానీ ఖరీదు ఎక్కువ. గడ్డ తాజాగా, పొట్టిగా, ఒకే చోట ఉన్నప్పుడు ముందు సిరంజితో చూడడమే మా పద్ధతి. అది కుదరకపోతే యంత్రం ఉండనే ఉంది.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పేది సిరంజిని చూడమనే. పిస్టన్ లాగినప్పుడు రక్తం ధారగా వస్తుంటే క్యాథెటర్ కొన గడ్డను పట్టలేదన్నమాట, కొంచెం ముందుకి జరపాలి. ధార ఆగిపోయి పిస్టన్ చేతిని వెనక్కి లాగుతుంటే గడ్డ నోట్లో ఇరుక్కుంది. అప్పుడు పిస్టన్ వదలకూడదు, కాంట్రాస్ట్ కొట్టి చూడాలన్న కుతూహలం అసలు పనికిరాదు. పీడనం అలాగే పట్టుకుని క్యాథెటర్ మొత్తాన్ని బయటికి తీసేయాలి. షీత్ వెనక వాల్వు దగ్గర గడ్డ తెగి మిగిలిపోతుంది, కాబట్టి వాల్వు విప్పి షీత్‌లోంచి కూడా రక్తం లాగాలి. ఆ మిగిలిన ముక్క చూసుకోకుండా కాంట్రాస్ట్ కొడితే, తీసిన గడ్డను మనమే తిరిగి పేగులోకి పంపినట్టు.

బయటికొచ్చిన గడ్డను గాజ్ (కట్టు కట్టే పలచటి) గుడ్డ మీద పరిచాం. చిటికెనవేలి కణుపంత పొడవు. సగం ముదురు ఎరుపు, సగం బూడిద తెలుపు, వేలితో నొక్కితే రబ్బరులా గట్టిగా ఉంది. అది రాత్రికి రాత్రి కట్టినది కాదు, కర్ణికలో కొన్నాళ్లుగా ముదిరింది. గడ్డ కరిగించే మందు, ఆల్టెప్లేస్, ఎందుకు వాడలేదన్న ప్రశ్నకి సగం జవాబు ఆ గుడ్డ మీదే ఉంది. ముదిరిన గడ్డ మందుకి త్వరగా కరగదు. రెండో సగం: కొన్ని గంటల్లో పొట్ట తెరవాల్సి రావచ్చు, లోపల దెబ్బతిన్న పేగు గోడ ఉంది, కరిగించే మందుతో రెండు చోట్లా రక్తస్రావం కావచ్చు.

తరువాతి చిత్రంలో ప్రధాన ధమని, జెజునల్ కొమ్మలు, ఇలియోకోలిక్ మొదలు బాగా నిండాయి. ఇలియమ్‌కి వెళ్లే ఒక కొమ్మ కొసలో చిన్న ముక్క మిగిలింది. నైట్రోగ్లిజరిన్ 200 మైక్రోగ్రాములు ధమనిలోకే ఇస్తే, బిగుసుకుపోయిన నాళాలు కొంత విప్పారాయి, ఆ ముక్క మాత్రం కదల్లేదు. దాని వెంట పడాలా? ఆ కొమ్మ సన్నది, క్యాథెటర్ తోస్తే చీలొచ్చు. పక్క కొమ్మల నుంచి వంపుల ద్వారా కొంత రక్తం చేరుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, పెద్ద ధమని తెరుచుకున్నాక ప్రతి నిమిషమూ సర్జన్‌కి ఇవ్వాల్సిన నిమిషమే. అక్కడితో ఆపేశాం.

ధమని తెరుచుకుంది, మరి పేగు?

చాలా కేసు రిపోర్టులు 'మంచి ప్రవాహం వచ్చింది' అనే చిత్రంతో ముగిసిపోతాయి. నాకు అది సగం కథే. కాలువకి నీళ్లొదిలినంత మాత్రాన ఎండిపోయిన మడి అంతా పచ్చబడదు. ఎంత చచ్చింది, ఎంత బతుకుతుంది అన్నది యాంజియోగ్రామ్ చెప్పలేదు.

ఐసీయూకి వచ్చాక ఆవిడ నొప్పి బాగా తగ్గింది. బంధువుల ముఖాలు తేటపడ్డాయి. రెండు గంటల తరువాత లాక్టేట్ 3.4కి పెరిగింది. ఇది ఒక్కటే అయితే నేను కంగారుపడను: రక్తం తిరిగి పారడంతో పేగులో నిలిచిపోయిన లాక్టేట్ ఒక్కసారి కొట్టుకొస్తుంది, పొటాషియం కూడా పెరుగుతుంది. కానీ దానితోపాటు పొట్ట కుడివైపు కింద కొత్తగా నొక్కితే నొప్పి వచ్చింది. మధ్యాహ్నం అక్కడ ఎంత నొక్కినా ఏమీ లేదు. ఆవిడ మాత్రం తగ్గిందనే అంటున్నారు. పేగు గోడ పూర్తిగా చచ్చాక నొప్పి కొంతసేపు తగ్గినట్టుంటుంది. అందుకే పేషెంట్ మాట కన్నా చేతికి తగిలినదానికే ఎక్కువ విలువిచ్చాం.

ఇక్కడ ఆగి తెల్లారాక చూద్దాం అని ఉంటే? ఆ ఆలోచన రాకపోలేదు. గుండె పరిస్థితి చూస్తే అనస్థీషియా తప్పించుకోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది. అయితే మధ్యాహ్నానికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది: ఇప్పుడు పేగుకి రక్తం అందుతోంది, బీపీ నిలకడగా ఉంది, గుండె వేగం 95కి దిగింది. ఆపరేషన్‌కి ఈ మనిషి ఇంతకన్నా మెరుగ్గా ఉండే సమయం రాదు, ఆగితే దిగజారే అవకాశమే ఎక్కువ. ఆ రాత్రే పొట్ట తెరిచారు.

సర్జన్ చూసింది ఇది: మిగిలిన ముక్క అడ్డుపడిన కొమ్మ కింద సుమారు 35 సెంటీమీటర్ల ఇలియమ్ నల్లబడి, కదలిక లేకుండా ఉంది. దానికి పైన, కింద కలిపి మీటరు దాకా పేగు నీలంగా, అటూ ఇటూ కాకుండా ఉంది. గోరువెచ్చటి తడిగుడ్డ కప్పి కాసేపు ఆగితే కొంచెం రంగు తిరిగింది, పూర్తిగా కాదు.

నల్లబడింది తీసేశారు. నీలంగా ఉన్నదాన్ని ముట్టుకోలేదు. తెగిన కొసలను కలపకుండా స్టేపుల్ చేసి లోపలే ఉంచారు, పొట్ట మీద తాత్కాలికంగా కప్పు వేశారు. ఆ రాత్రి ఒకేసారి అన్నీ ముగించేయాలనుకుంటే ఆ మీటరు పేగునీ కోసేసేవాళ్లు, లేదా సరిగ్గా బతకని కొసల్ని కలిపి, నాలుగో రోజు అతుకు విడిపోవడం చూసేవాళ్లు. హెపారిన్ ఆపరేషన్ తరువాత కొద్ది గంటలకే మళ్లీ మొదలైంది. డ్రెయిన్‌లో రక్తం వస్తుందేమోనని భయం ఉంది, అయినా కర్ణికలో గడ్డ ఉన్న మనిషికి అది ఆపి ఉంచడం ఇంకా పెద్ద ప్రమాదం.

36 గంటల తరువాత మళ్లీ చూశారు. నీలంగా ఉన్న పేగు గులాబీ రంగుకి తిరిగింది, చేత్తో తాకితే కదులుతోంది. కొసలు కలిపి పొట్ట మూసేశారు. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటుండే ఇలియోసీకల్ వాల్వు, దాని ముందు కొంత ఇలియమ్ మిగిలాయి. చిన్నపేగు 200 సెంటీమీటర్ల కన్నా తగ్గితే తిన్నది ఒంటికి పట్టదు, కొందరికి జీవితాంతం సెలైన్ ద్వారా పోషణ ఇవ్వాల్సి వస్తుంది. ఈవిడ ఆ గీతకి చాలా దూరంలో ఉన్నారు. బీ12 విటమిన్ ఒంటికి పట్టే చివరి ఇలియమ్ కొంత పోయింది కాబట్టి దాన్ని మాత్రం ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

మధ్యలో ఒకరాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వచ్చింది. లాసిక్స్‌తో, రెండు రోజులు మాస్క్ వెంటిలేషన్‌తో తగ్గింది. క్రియాటినిన్ 2.3 దాకా వెళ్లి, డయాలసిస్ లేకుండానే 1.2కి దిగింది. బ్రేకియల్ దగ్గర కమిలింది, నరానికి ఏమీ కాలేదు.

నేర్చుకోదగ్గవి

గడ్డ లాగే నైపుణ్యం కన్నా, ఎమర్జెన్సీలో రాసిన ఆ ఒక్క వాక్యం ఎక్కువ పేగుని కాపాడిందని నేను నమ్ముతాను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషికి హఠాత్తుగా కడుపునొప్పి వచ్చి, పొట్ట మెత్తగా ఉందంటే ఆ మెత్తదనాన్ని ఊరటగా తీసుకోకూడదు. పట్నంలో సీటీ యాంజియో లేకపోతే అల్ట్రాసౌండ్ దగ్గర ఆగకుండా పంపేయండి. రక్తస్రావం భయం లేకపోతే, చేరే చోటికి ఫోన్ చేసి మాట్లాడుకుని, హెపారిన్ బోలస్ ఇచ్చి పంపండి.

గొట్టమా, కత్తా అన్న వాదన ఈ జబ్బులో వృథా. గొట్టం త్వరగా రక్తం పారించింది, దాని వల్ల నీలంగా ఉన్న మీటరు పేగు మిగిలింది. కత్తి చచ్చినదాన్ని గుర్తుపట్టి తీసేసింది. నేను ధమని తెరిచి చేతులు దులుపుకున్నా, సర్జన్ పేగు మాత్రం కోసి ధమని వదిలేసినా ఆవిడ బతికేవారు కాదనే నా అంచనా.

ఇక ఎసిట్రోమ్ సంగతి. మామూలుగా ఒకటి రెండు పళ్లు తీయడానికి ఈ మాత్ర ఆపాల్సిన అవసరం చాలావరకు ఉండదు. ముందురోజు ఐఎన్ఆర్ చూసుకుని, అది హద్దులో ఉంటే, కుట్టు వేసి, రక్తం కారడం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో పుక్కిలింపిస్తే సరిపోతుంది. ఏ కారణం చేతనైనా ఆపితే, ఆపే తేదీ పక్కనే తిరిగి మొదలుపెట్టే తేదీ కూడా చీటీ మీద ఉండాలి. గోంగూర మానక్కర్లేదు, ఒక వారం బుట్టెడు, ఇంకో వారం సున్నా కాకుండా, తినేదేదో ఒకే తీరుగా తింటే మాత్ర మోతాదు దానికి సరిపడా సర్దుకోవచ్చు. ఈ మాట చెబితే ఆవిడ మొదటిసారి నవ్వారు.

పరీక్షలక్కర్లేని కొత్త మాత్రలకి మార్చేయకూడదా అని కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. బిగిసిన రుమాటిక్ మైట్రల్ వాల్వుకి ఆ దారి లేదు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ ట్రయల్‌లో రుమాటిక్ గుండె జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి కొత్తరకం మాత్ర రివరాక్సబాన్ కన్నా ఎసిట్రోమ్ లాంటి పాతరకం మాత్రలే మెరుగ్గా పనిచేశాయి, మరణాలు కూడా వాటితోనే తక్కువ. కాబట్టి ఆవిడకి ఎసిట్రోమ్, ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య. బస్సు బాధ తప్పేందుకు దగ్గర్లోని ల్యాబ్‌లో పరీక్ష చేయించి, రిపోర్టు ఫోటో వాట్సాప్‌లో పంపేలా కొడుకుతో ఏర్పాటు చేసుకున్నాం.

మూడు నెలలకి తీసిన సీటీలో ఎస్‌ఎంఏ తెరిచే ఉంది. ఆ చిన్న కొమ్మ మూసుకునే ఉంది, పక్క కొమ్మలు దాని పని అందుకున్నాయి. అన్నం తింటున్నారు, పోయిన బరువు చాలావరకు తిరిగొచ్చింది. గొంతులోంచి తీసిన ఎకోలో ఎడమ కర్ణిక గడ్డ చిన్నదైంది కానీ పూర్తిగా పోలేదు. వాల్వు వైశాల్యం 1.1 చదరపు సెంటీమీటర్లు. గడ్డ ఉండగా మళ్లీ బెలూన్ పెట్టడం కుదరదు. ఇంకో మూడు నెలలు ఎసిట్రోమ్ మీద చూసి, గడ్డ కరిగితే బెలూన్, కరగకపోతే వాల్వు మార్పిడితోపాటు కర్ణికని శుభ్రం చేయడం అని కార్డియాలజీ, కార్డియాక్ సర్జరీ వాళ్లు కలిసి నిర్ణయించారు.